మొదటి ఆటే మంచిదన్నావు, శ్రీనూ

శ్రీనూ,

నేను, మీ అక్కను, రాస్తున్నాను. నువ్వు పోయి ఏడాది దాటింది. ఎలా ఉన్నావని అడగడం నాకే వెర్రిగా ఉంది కానీ, అడగకుండా మొదలుపెట్టడం చేతకావట్లేదు. ఎలా ఉన్నావు?

మేం ఉన్నాం. బాపు ఉన్నాడు, నేను ఉన్నాను, కామత్‌ఘర్‌లో మన ఒంటిగది ఖోలీ ఉంది. గోడ అవతల మరమగ్గాల కార్ఖానా కూడా ఉంది కానీ సగం సాంచాలు ఆగిపోయాయి. పాత సాంచాలను ముక్కలు చేసి ఇనుము కింద తూకానికి అమ్ముతున్నారు. మిగిలినవి మాత్రం పొద్దున మొదలైతే గోడ అదిరేలా నడుస్తాయి. అరుగు మీది గ్లాసులు ఇప్పటికీ మెల్లగా జరుగుతూ అంచుకు వస్తాయి. వస్తూ పోతూ నువ్వు వాటిని వెనక్కి నెట్టేవాడివి, ఇప్పుడది నా పని. నాకు నీ అంత ధ్యాస లేదు, కొన్ని పగిలాయి.

నేను ఇంకా ధామన్‌కర్ నాకా చౌరస్తా దగ్గరి మందుల షాపులోనే బిల్లులు కొడుతున్నాను. షేర్ ఆటో నువ్వు పడిపోయిన చోటు మీదుగానే పోతుంది. మొదట్లో అక్కడికి రాగానే కళ్ళు మూసుకునేదాన్ని... ఇప్పుడు మూసుకోవట్లేదు. అలవాటైందనుకోకు. మూసుకున్నా కనపడుతోంది, అందుకని మానేశాను.

బాపు సంగతి చెప్పాలి. అసలు ఈ ఉత్తరం ఆయన గురించే.

ఆ రోజు పొద్దున బాపు నిన్ను ఒక మాట అన్నాడు. నువ్వు బదులు చెప్పకుండా లేచి వెళ్ళిపోయావు. కాసేపటికి ఆ నాకా చౌరస్తా దగ్గర బట్ట తానులు వేసుకొచ్చిన టెంపో ఒకటి, బ్రేకులు పడక, రోడ్డు వారన నడుస్తున్న నిన్ను వెనక నుంచి గుద్దేసింది. అక్కడి చాయ్ బండి ఆయన ఆసుపత్రి దాకా వచ్చి బాపుతో అన్నాడు, "ఇత్నా హారన్ మారా చాచా... హిలా భీ నహీ." అంత హారన్ కొట్టినా నువ్వు కదలలేదట. పాపం, ఆయన జాలిపడే అన్నాడు.

బాపు మాత్రం దాన్ని ఇంకోలా విన్నాడు. కదలలేదంటే కదలాలనుకోలేదనే కదా అర్థం? పొద్దున తండ్రి అన్న మాట, తర్వాత హారన్‌కు పక్కకు జరగని కొడుకు... ఈ రెండింటినీ ఆయన ముడివేసుకున్నాడు. "నేనే సంపుకున్న బిడ్డా" అన్నాడు నాతో, ఒకే ఒక్కసారి. ఆ తర్వాత ఆ ఊసే ఎత్తలేదు. కార్ఖానాకు పోవడం మానేశాడు. తలుపు దగ్గర పీట వేసుకుని గల్లీలోకి చూస్తూ కూర్చుంటాడు. ఎవరైనా పలకరిస్తే తల ఊపుతాడు, అంతే.

నీ సంవత్సరీకం నాడు పిండం పెట్టి పక్కకు వచ్చాం. కాకి వచ్చి గోడ మీద వాలింది. చూసింది, కిందికి దిగలేదు, ఎగిరిపోయింది. మళ్ళీ ఏదీ రాలేదు. బాపు చేతులు జోడించి నిలబడే ఉన్నాడు. ఎండ నెత్తి మీదికి వచ్చాక మెల్లగా అన్నాడు, "వాడింక కోపం మీదనే ఉన్నడు." ఆ రోజు నుంచి ఒక్క పూటే తింటున్నాడు. అదీ నేను పోరుపెడితే. ఆయన చొక్కాలన్నీ వేరెవరివో తొడుక్కున్నట్టు వదులైపోయాయి. నిన్ను పోగొట్టుకున్న దిగులు ఒకటైతే, ఈయన కూడా నా కళ్ళ ముందే అరిగిపోతుంటే చూస్తూ ఉండటం ఇంకొకటి.

ఇక నీ కంప్యూటర్.

వానలు మొదలైనప్పుడు బాపు దాని వైపు చూడకుండానే "గా డబ్బను తీసెయ్" అన్నాడు. సరేనన్నాను. ఎవరికైనా ఇచ్చే ముందు పని చేస్తుందో లేదో చూద్దామని ఆన్ చేశాను. తెర మీద నీ రెండు ఆటలు పక్కపక్కనే ఉన్నాయి. తుపాకీ ఆటలు. మనిషి కనపడడు, తుపాకీ పట్టుకున్న రెండు చేతులే కనపడతాయి, మన కళ్ళే ఆ మనిషి కళ్ళు. ఒకటి మొదటిది. ఇంకొకటి చాలా ఏళ్ళకు వచ్చిన దాని రెండో భాగం. గల్లీలో అందరూ రెండోదాన్ని నెత్తిన పెట్టుకుంటే నువ్వొక్కడివే మొదటిదే మంచిదని కొట్లాడేవాడివి. గుర్తుందా?

నేను సోలాపూర్ నుంచి, అత్తగారింటి నుంచి, సంచీతో వచ్చేసిన రోజు నువ్వు ఒక్క ప్రశ్న అడగలేదు. స్టూల్ లాగి పక్కన వేసి "కూసో అక్కా, గీ మలుపు కాడ ఎవడున్నడో జెర చూడు" అన్నావు. ఊరంతా ఎందుకొచ్చావని అడుగుతుంటే నువ్వు నాకు కాపలా పని ఇచ్చావు. తెర ముందు కూర్చుని ఆ మాట తలుచుకుని చాలాసేపు ఏడ్చాను. ఏడుపు అయ్యాక, నువ్వన్నది నిజమో కాదో చూద్దామని మొదటి ఆట తెరిచాను. ఎవరికీ ఇవ్వలేదు కంప్యూటర్‌ని.

నేను ఎంత అధ్వానంగా ఆడానో నువ్వు చూస్తే ఖోలీ బయటికి వెళ్ళి నవ్వేవాడివి. నడవమంటే గోడకు గుద్దుకునేదాన్ని. చూపు ఆకాశం వైపు పోయి తిరిగి వచ్చేది కాదు. మొదటి గదిలోనే ఎన్నిసార్లు చచ్చానో నాకే లెక్క లేదు. కానీ షాపు నుంచి రాగానే కూర్చునేదాన్ని. నువ్వు కూర్చున్న కుర్చీ, నీ వేళ్ళకు అరిగి అక్షరాలు పోయిన కీబోర్డు... నేను ఆట కోసం కూర్చున్నానో వాటి కోసం కూర్చున్నానో తెలియదు.

ఆడగా ఆడగా తెలిసింది, నువ్వు మొదటిదాన్ని ఎందుకు మెచ్చుకున్నావో.

అది చిన్న ఆట. భూమి కింద ఒక ఇనుప గని, ఇరుకు దారులు, మసక దీపాలు. ఎవరూ మాట్లాడరు. ఎక్కడికి పోవాలో ఎవరూ చెప్పరు, చెప్పాల్సిన అవసరమూ రాదు. వచ్చేవాడు ఎదురుగా వస్తాడు. మలుపు అవతల ఉంటే వాడి నీడ ముందే గోడ మీద పడుతుంది. దెబ్బ తగిలితే ఏ పక్క నుంచి తగిలిందో ఆ పక్క తెర అంచు ఎర్రబడుతుంది. ఒక్కో గది మనకు ఒక్కో పని నేర్పుతుంది, తర్వాతి గది ఆ పని వచ్చిందో లేదో పరీక్ష పెడుతుంది. ఎక్కడా మోసం లేదు. చచ్చామంటే తప్పు మనదే. అది నాకు నచ్చింది. తప్పెవరిదో అంత స్పష్టంగా తెలిసే చోటు బయట ఎక్కడుంది చెప్పు?

దాన్ని పూర్తి చేశాకే రెండోది పెట్టాను. గోడ అవతలి మోత భరించలేక చెవుల్లో పెట్టుకునే ఇయర్‌ఫోన్లు కొనుక్కున్నాను. శ్రీనూ, నిజం చెప్తున్నా, నాకది చాలా నచ్చింది.

అందులో సముద్రం ఒడ్డున పాడుపడ్డ ఒక పట్నం. వాన. రేకుల మీద వాన చప్పుడు, ఇనుప మెట్ల మీద బూట్ల చప్పుడు, చీకట్లో ఎవరో ఊపిరి పీల్చే చప్పుడు. మనతో పాటు ఒక ఇంజనీరమ్మ నడుస్తుంది. మెల్లగా మాట్లాడుతూ దారి చెప్తుంది, వెనక ఎవరున్నారో హెచ్చరిస్తుంది. లోపాలు లేవని కాదు. నీ మొదటి ఆటలోని బిగువు ఇందులో లేదు. వాళ్ళు మాట్లాడుకోవడం అయ్యేదాకా మనం చేతులు కట్టుకుని నిలబడాలి. పడవలో తిప్పడం మొదలుపెడితే ఎంతకీ దించరు. తుపాకులు చూడ్డానికి గొప్పగా ఉంటాయి, కాలిస్తే గాలిని కాల్చినట్టు ఉంటుంది. ఇవన్నీ నేను ఒప్పుకుంటాను. నువ్వు ఉంటే ఒక చాయ్ తాగుతూ మాట్లాడుకునేవాళ్ళం.

కానీ నువ్వు ఇవేవీ అనేవాడివి కాదు. నీ ఫిర్యాదులు వేరు. అవి నాకు బాగా గుర్తున్నాయి, ఎందుకంటే అన్నం తినేటప్పుడు కూడా అవే చెప్పేవాడివి.

"గది దొంగ ఆట అక్కా. ఎన్కంగ వచ్చి కొడుతరు. ఎవడు కొట్టిండో, ఎటుకెల్లి కొట్టిండో చెప్పనే చెప్పరు."

"నేల ఊకెనే పేలుతది. ముందుగాల ఒక్క ఆనవాలన్న ఉండాలె గదా."

"గా ఇంజనీరమ్మ ఎందుకు పనికొస్తది? మూతి ఆడిచ్చుడు తప్ప."

నాకు ఒక్కటీ అర్థం కాలేదు. వెనక వచ్చేవాళ్ళ బూట్లు ఎంత దూరం నుంచో వినపడుతూనే ఉన్నాయి. ఇసుకలో మందుపాతర ఉంటే దగ్గరికి పోయేకొద్దీ టిక్ టిక్ అని తొందరగా కొట్టుకుంటుంది, అంతకంటే ఆనవాలు ఏం కావాలి? ఇంజనీరమ్మ లేకపోతే నేను అడుగు వేయలేను. మనసులోనే నీకు కోపంగా చెప్పాను, వట్టి మొండివాడివి, మొదటిదాని మీద ప్రేమతో రెండోదాన్ని కావాలని తిట్టావు అని. అప్పుడు సోలాపూర్ మనుషులు గుర్తొచ్చారు, వాళ్ళూ నన్ను వట్టి మొండిదనే అనేవాళ్ళు.

ఇంకొకటుంది. గంటల గేటు.

ఓడరేవులో పెద్ద ఇనుప గేటు. దాని పైన చిన్నా పెద్దా మూడు గంటలు వేలాడుతుంటాయి. నువ్వు అక్కడ ఆగిపోయావు, ఇక ముందుకు పోలేదు. సీడీ పాడైందని నిజాంపురా దుకాణంలో మార్చి తెచ్చావు. అదీ అంతే. "గేటే తెరుసుకుంటలేదు భాయ్, ఖరాబ్ మాల్ ఇచ్చినవ్" అని ఆ దుకాణం ఆయనతో గొడవపడి వచ్చావు. అప్పటి నుంచి దాన్ని సగం ఆట అనేవాడివి. నేనేమో ఆ గేటు దగ్గరికి రాగానే దాటేశాను. లోపల ఎక్కడో ఎవరో గంటలు కొడుతూనే ఉన్నారు, సన్నది, బొంగురుది, మధ్యది... మళ్ళీ అదే వరుస. ఆ వరుసలోనే పైనున్న గంటలను తుపాకీతో కాల్చాను, గేటు తెరుచుకుంది. ఇంత తేలికైన దాని మీద నువ్వు ఎందుకు ఆగావు? ఈసారి నీ మీద కోపం రాలేదు. నవ్వూ రాలేదు. ఏదో తేడాగా ఉంది అనిపించింది, అంతే.

గేటు అవతల ఏముందో తెలుసా నీకు? మొదటి ఆటలోని గని. అదే ఇరుకు దారి, అవే మసక దీపాలు. రెండో ఆటలో మిగతా సగమంతా నీకిష్టమైన చోటే జరుగుతుంది... నువ్వు ఆ సంగతి తెలియకుండానే పోయావు.

సంవత్సరీకం అయిన వారానికి బాపుకు జ్వరం వచ్చింది. నేను షాపుకు పోలేదు. మధ్యాహ్నం ఆయన మంచం మీద పడుకుని ఉన్నాడు, కరెంటు లేక కార్ఖానా ఆగింది. కరెంటు వచ్చాక కూడా సాంచాలు వెంటనే మొదలుకాలేదు. ఏమీ తోచక ఆట పెట్టాను. ఇయర్‌ఫోన్ల తీగ తెగి ఒక చెవిలో గర్రుమంటోంది. బాపు నిద్ర చెడుతుందని సౌండ్ మొత్తం తీసేశాను.

వెనక నుంచి దెబ్బ తగిలింది. చచ్చాను. మళ్ళీ మొదలుపెట్టాను, ఈసారి ఇంకో పక్క నుంచి. ఎవరు కొట్టారో, ఎటు నుంచి కొట్టారో తెలియలేదు. ఇసుకలో నడుస్తుంటే నేల ఊరికే పేలింది. ఇంజనీరమ్మ నా వైపు తిరిగి నోరు ఆడించింది.

మూతి ఆడిచ్చుడు తప్ప.

పాత చోటికి తిరిగి వెళ్ళి గంటల గేటు ముందు నిలబడ్డాను. మూడు గంటలు కదలకుండా వేలాడుతున్నాయి. గేటు మూసి ఉంది. ఎక్కడా ఏ ఆనవాలూ లేదు. సీడీ పాడైందని ఎవరైనా అనుకుంటారు.

నువ్వు చెప్పిన ఆట దొరికింది నాకు. మాట మాటకీ అదే ఆట. నువ్వు మొండితనంతో తిట్టలేదు. నీకు వినపడలేదు.

స్పీకర్లు కొన్ననాటి అట్టపెట్టెలోనే ఉన్నాయి మంచం కింద. "సౌండ్ ఎందుకే అక్కా, కార్ఖానల సౌండ్ సరిపోతలేదా" అన్నావు. మేం నవ్వాం. నువ్వు కూడా నవ్వావు. ఎందుకు నవ్వావు అప్పుడు? నీకు తెలుసా? తెలిసే దాచావా? చెవులు సరిగా లేని వాణ్ణి సాంచాలు బాగుచేసే జాబర్ పనిలో ఎవరు ఉంచుకుంటారని భయపడ్డావా? లేక ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా తగ్గుతూ వస్తే, లోకమే మెల్లగా మాట్లాడుతోందని అనుకున్నావా?

మాకు ఎందుకు తెలియలేదో మాత్రం చెప్పగలను. మనం సాంచాల వాళ్ళం. మన దగ్గర ఎవరూ మామూలుగా మాట్లాడరు. ఆ మోతలో మాట వినపడదు కాబట్టి పెదాలు చూసి, చేతులు చూసి పని నడుపుకుంటారు. ఇంటికి వచ్చినా అదే అలవాటు. పిలవాలంటే భుజం తడతాం, అన్నానికి రమ్మంటే వేళ్ళు నోటి దగ్గర పెట్టి చూపిస్తాం. నువ్వు ఎప్పుడూ ముఖంలోకే చూస్తూ వింటే, కార్ఖానా అలవాటు అనుకున్నాం. పిలిస్తే పలకకపోతే "చెవులల్ల ఏం పెట్టుకున్నవ్ రా" అని తిట్టాం. వేరే ఇంట్లో పుట్టి ఉంటే ఎవరో ఒకరు కనిపెట్టేవాళ్ళు. మన ఇంట్లో చెవిటితనం కూడా పనితనం లాగే కనపడింది.

ఇప్పుడు ఆ పొద్దున గురించి.

ముందు రోజు కార్ఖానాలో ఒక సాంచా సాయంత్రం దాకా కొట్టుకుందట. బోల్టు వదులై. చప్పుడు వింటేనే ఏది వదులైందో చెప్పగలడు బాపు, ఆయనకు ఆ పేరు ఉంది. ఆయన లేని పూట నువ్వు చూసుకోవాల్సింది. నువ్వు గమనించలేదు, అడ్డదారం వేసే నాడె ఎగిరి, పడుగు దారాలు తెగి బట్ట చెడిపోయింది. సేట్ నలుగురిలో బాపును అన్నాడు. ఇంటికి వచ్చాక బాపు అరిచాడు, "ఊరంత ఇనవడ్డది నీకు ఇనరాలేదా? చెయ్యి పెట్టి చూసుడు తప్ప నీకు పని రాదు" అని. నువ్వు అరచేయి సాంచా మీద ఆనించి చూసేవాడివి కదా, అది ఆయనకు మొదటి నుంచీ నచ్చేది కాదు.

ఆ అరుపులు నువ్వు విన్నావు, తల దించుకున్నావు. మర్నాడు పొద్దున నువ్వు గడప మీద కూర్చుని బూట్లు తొడుక్కుంటున్నావు. బాపు నీ వెనక నిలబడి ఉన్నాడు. బాపు మామూలుగా అరుస్తాడు. మనసు విరిగితే మాత్రం గొంతు తగ్గిపోతుంది. పొయ్యి దగ్గర ఉన్న నాకే కష్టంగా వినపడింది. "నువ్వు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే" అన్నాడు. నువ్వు లేసు బిగించుకుని, గ్లాసులు వెనక్కి నెట్టి, వెళ్ళిపోయావు.

గ్లాసులు నెట్టి వెళ్ళావు. అంత మాట విన్నవాడు గ్లాసుల సంగతి చూస్తాడా?

వినలేదు నువ్వు. ఆ మాటా వినలేదు, ఆ హారన్ కూడా వినలేదు. నువ్వు చావాలనుకోలేదు. మామూలుగా పనికి పోతున్నావు.

ఈ సంగతి తెలిసి కూడా బాపుకు చెప్పడానికి నాకు రోజులు పట్టింది. ఎందుకంటే దీనికి రెండో వైపు ఉంది. పదో తరగతి తప్పగానే చెవులు తినేసే ఆ సాంచాల మోతలో నిన్ను నిలబెట్టింది ఆయనే. మాటతో చంపలేదు బాపూ, పనితో చంపావు అని చెప్పినట్టు అవుతుందేమో? ఒక బరువు దించి ఇంకోటి ఎత్తడమే కదా? నాలో నేను జవాబులు తయారు చేసుకున్నాను. గల్లీలో అందరి పిల్లలూ అదే పనికి పోయారు, నీ చెవులూ అందులోనే మందగిస్తున్నాయి కదా బాపూ, ఎవరికి తెలుసు, ఇలా.

మొన్న ఆదివారం పొద్దున ఆయన్ని తెచ్చి నీ కుర్చీలో కూర్చోబెట్టాను. రానన్నాడు. చేయి పట్టుకుని లాగాను. ఆటలో గంటల గేటు ముందుకు పోయి, కొత్త ఇయర్‌ఫోన్లు ఆయన చెవుల్లో పెట్టి, సౌండ్ మొత్తం పెంచాను. ఆయన అరచేతులతో చెవులు అదిమిపట్టుకుని విన్నాడు. గంటల వరుస వేళ్ళతో చూపించాడు, సన్నది, బొంగురుది, మధ్యది. తర్వాత సౌండ్ తీసేశాను. ఆయన నా వైపు చూశాడు.

"శ్రీనుకు గిట్లనే ఉండేది బాపూ" అన్నాను. "గందుకే గీ గేటు దాటలె. గందుకే హారన్‌కు జరగలె."

ఆయన ఆ గేటును చూశాడు. తన చేయి ఎత్తి అరచేయిని చూసుకున్నాడు. "గందుకేనా... సాంచ మీద చెయ్యి పెట్టి చూసేటోడు" అన్నాడు. "ఇనరాక."

"అవు బాపూ. గా పొద్దున నీకు వీపు పెట్టి కూసున్నడు. నువ్వు మెల్లగ అన్నవు. ఆ మాట వాడు ఇనలె."

ఏడుస్తాడనుకున్నాను. సాంచాల సంగతి ఎత్తుతాడనుకున్నాను, జవాబులు నోటి దాకా తెచ్చుకుని కూర్చున్నాను. ఆయన ఆ సంగతి ఎత్తలేదు. నేను అనుకోనిది అడిగాడు.

"మంచి మాట ఏనాడు వాని మొకం మీద అనలె బిడ్డా. కండ్ల ముందట పొగిడితె దిష్టి తగుల్తదని... అటు తిరిగినంకనే అంటుంటి, మెల్లగ. గట్లయితె గవి గూడ ఇనలేదా వాడు?"

ఇన్నేళ్ళలో ఆయన నిన్ను మెచ్చుకోవడం నేనే వినలేదు. మనిద్దరికీ వినపడకుండా ఎన్ని మాటలు నీ వీపుకు చెప్పాడో. నువ్వు వెళ్ళిపోయేదాకా నాన్నకు నువ్వంటే లెక్క లేదనే అనుకున్నావా? ఆ చెడ్డ మాట నీ దాకా రాలేదని నేను ఎంత సంతోషపడ్డానో, మంచివి కూడా రాలేదని తెలిసి అంత కుంగిపోయాను.

"ఏమేం అన్నవు బాపూ?" అని అడిగాను. మొదట చెప్పలేదు. మధ్యాహ్నం కంచం ముందు కూర్చున్నాక ఒకటొకటిగా చెప్పాడు. తిని, ఆపి, చెప్పి, మళ్ళీ తిని. రాత్రికి కూడా అన్నం అడిగాడు. ఆయన కుదుటపడ్డాడని నేను అనను, ఆ ముఖం చూస్తే నువ్వూ అనవు. కానీ ఇప్పుడు ఏడుస్తున్నాడు. ఏడాదిగా అదీ లేదు.

చెవులతో పని లేనిది ఉత్తరం ఒక్కటే కదా. అందుకని ఆయన మాటలు ఇక్కడ రాస్తున్నాను, చదువుకో.

నువ్వు మొదటిసారి ఒక్కడివే సాంచా విప్పి బిగించిన రోజు, చేతులు కడుక్కోవడానికి అటు తిరిగితే అన్నాడట, "నాకన్న సాఫ్ పని."

నేను సోలాపూర్ నుంచి వచ్చిన రోజు నువ్వు నన్ను ఏమీ అడగకుండా స్టూల్ వేసినప్పుడు, నీ వెనక నిలబడి, "పెద్దమనిషి అయిండు నా కొడుకు."

నీకు కామెర్లు వచ్చి గోడ వైపు తిరిగి పడుకుంటే, "నీది నాకు రానీ బిడ్డా."

ఇంకా రోజూ జాగ్రత్త చెప్పే మాట ఒకటి ఉండేదట. నువ్వు గడప దాటి నాలుగు అడుగులు వేశాక, నువ్వు తిరిగి చూడవని తెలిశాక అనేది. ఆ ఒక్క పొద్దున మాత్రం అనలేదట. ఇప్పుడు రాయమన్నాడు. నేను రాస్తుంటే పక్కనే నిలబడి, అక్షరాలు సరిగా పడ్డాయా లేదా అని చూస్తున్నాడు.

"పైలం బిడ్డా."

ఇది బాపు మాట. రాసింది,
అక్క